పదకొండున్నర కూత

కదలకూడదు, తల తిప్పకూడదు, దగ్గకూడదు, ఏడవకూడదు. ఈ నాలుగూ చెప్పి, నా చెంపలకి అటొకటి ఇటొకటి ఇసుక మూటలు ఆనించి, ఆలిస్ సిస్టరు వెళ్ళిపోయింది. ఆమె బూట్ల చప్పుడు వార్డు చివరిదాకా పోయి తలుపు దగ్గర ఆగింది, ఆ తరువాత లేదు. "పన్నెండింటికి డాక్టరుగారొచ్చి కట్టు విప్పుతారు పెద్దమ్మా, అందాకా శవంలాగ పడుకోవాల" అంది వెళ్ళేముందు. పక్క మంచం చిలకమ్మ ఊరుకుంటుందా, "శవానికైతే పక్కన కూకొని ఏడిసేవోలుంటారు సిస్టరమ్మా, మాకాపాటి బాగ్గెం కూడా లేదు" అంది. నాకు నవ్వొచ్చింది, పెదవులు బిగించుకున్నాను. నవ్వు గురించి సిస్టరు ఏమీ చెప్పలేదు, కానీ నవ్వితే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే తల కదులుతుంది, తల కదిలితే లోపల వెంట్రుక లాంటి దారంతో కుట్టిన ఆ చిన్న గాయం, వద్దు, దాని గురించి ఆలోచించకూడదు, అది అయిదోది.

కట్టు రెండు కళ్ళకీ ఉంది. ఆపరేషను ఎడమ కంటికే, నిన్న పొద్దున్న అయింది. కుడి కన్ను తిరిగితే దానితోపాటు ఎడమ కన్నూ తిరుగుతుందట, అందుకని దాన్ని కూడా కట్టేశారు. ఆ కుడి కన్ను దేన్నయినా చూసి రెండేళ్ళయింది, అయినా తిరగడం మానలేదు. కాబట్టి ఇప్పుడు పనికొచ్చేదల్లా ఎడమదే, ఆఖరి కన్ను. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. నా కొడుకు గణపతిరావు మొన్న నన్నిక్కడ చేర్చి, నా చెప్పులు మంచం కింద పెట్టడానికి వంగి, చాలాసేపు లేవలేదు.

ఇప్పుడు పదిన్నర అయి ఉంటుంది. తుడిచే మనిషి బకెట్టు ఇప్పుడే గడప దాటింది, ఫినాయిలు వాసన ఇంకా పచ్చిగా ఉంది. కిటికీ అవతల గోల్‌బజారుకి పోయే రిక్షాలు ఖాళీగా గలగలమంటున్నాయి, అటునుంచి వచ్చేవి బరువుకి మూలుగుతున్నాయి. దూరంగా యార్డులో రైలుపెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. వీటితో నాకు భయం లేదు. పదకొండున్నరకి రైల్వే వర్క్‌షాపు సైరను కూస్తుంది, నా భయం దానితో. గంట ఉంది. ఆ గంటలో నా ఒంటికి నేను ఊరుకోవడం నేర్పాలి.

కుడి కంటి ఆపరేషనప్పుడు కూడా ఇలాగే పడుకోబెట్టారు. మూడో రోజు కంట్లోకి రక్తం దిగింది. ఎలా కదిలావమ్మా అని అందరూ అడిగారు. దగ్గొచ్చింది అన్నాను. దగ్గు కాదు. మగతలో ఉన్నాను, కూత వినిపించింది, లేచి కూర్చున్నాను. కాళ్ళు కిందికి దించి గంజి వార్చడానికి రెండు చేతులూ ముందుకి చాపాను. అంతే. రైల్వే క్వార్టర్లలో ఏ మనవాళ్ళ ఇంటి ఆడదానినైనా అడగండి: కూత మొదలైతే కుండ మీద మూత బిగించి వార్చాలి, కూత ఆగేసరికి కంచం పెట్టాలి, ఎందుకంటే పది నిమిషాల్లో సైకిలు గుమ్మంలో ఉంటుంది, తిని మళ్ళీ వెంటనే పోవాలి. మా వరసలో పదకొండున్నరకి ఇంటింటి తూము దగ్గరా ఒక్కసారే గంజి ఆవిరి లేచేది. దాదాపు నలభై ఏళ్ళు అలా లేచాను, జ్వరంలో ఉన్నా లేచాను, నీళ్ళాడిన పదో రోజున కూడా లేచాను. రిటైరైనాక కూడా ఆయనకి కూత వింటేనే ఆకలి. అది సరే, కానీ ఆ రోజు ఆస్పత్రి మంచం మీంచి ఎవరికోసం లేచాను? ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. తినడానికి రాని మనిషికి వార్చబోయి కన్ను పోగొట్టుకున్నానని ఎవరితో చెప్పను? నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా కష్టం.

నది. నది గురించి ఆలోచించాలి. నిన్న బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నా కాళ్ళు వణుకుతుంటే డాక్టరుబాబు పాదం మీద చెయ్యి వేసి, "మా, ఏక్‌టా నొదీర్ కొథా భాబున్" అన్నాడు. నలభై ఆరేళ్ళుగా ఇక్కడ ఉన్నాను, ఆ మాత్రం బెంగాలీ నాకు తెలుసు, కానీ ఆలిస్ ఊరుకోదు, తెలుగులో మళ్ళీ చెప్పింది: "నీకిష్టమైన యేరు తలుచుకో పెద్దమ్మా, గట్టు మీద కూర్చున్నట్టు, నీళ్ళని చూస్తున్నట్టు. ఒళ్ళు దానంతటదే చల్లబడతాది." నిన్న మందు మత్తులో ఏ యేరూ రాలేదు. ఇప్పుడు రమ్మంటే వచ్చింది. మాది నాగావళి. గట్టు దిగి అంచున కూర్చున్నాను. వేసవి, నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి, చిన్న చేపలు నా కాలివేళ్ళని పొడిచి చూసి పోతున్నాయి. బాగుంది. భుజాలు కొంచెం దిగాయి. నీటి మీద ఎండ ముక్కలు ముక్కలుగా కదులుతూ అవతలి గట్టు వైపు పోతోంది, నా చూపు దాని వెంట పోయింది, అవతలి గట్టు మీద అమ్మ నిలబడి ఉంది. ఎందుకు చూశాను అటు? నాకు పదమూడేళ్ళు, యేరు దాటించి, బండి ఎక్కించి, స్టేషనుకి తీసుకుపోతున్నారు, ఖరగ్‌పూరులో బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ పనిలో ఉన్న పెనిమిటి దగ్గరికి. అమ్మ నీళ్ళలోకి దిగలేదు. దిగితే ఆగలేనని అనుకుందేమో. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ముఖం గుర్తు లేదు, ఆకుపచ్చ కోక గుర్తుంది, ఆ పచ్చదనం చిన్నదై, చిన్నదై, చింతాకంత అయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. కట్టు కింద వెచ్చబడింది. వద్దు. నోరు తెరిచి గాలి పీల్చాను, ఒకటి, రెండు, మూడు. వెచ్చదనం అంచుదాకా వచ్చి ఆగింది. యేరు మంచిదే, దానికి అవతలి గట్టు ఉండటమే బాగులేదు.

"అప్పా, తొంగున్నావేటి?" అంది చిలకమ్మ. నన్ను అక్క వరసన అప్పా అంటుంది.

"నిద్ర ఎక్కడిదే."

"నాకూ యేరే తలుసుకోమన్నాడు డాట్రుబాబు. మా ఊర్ల యేరు లేదు బాబూ, నుయ్యే ఉన్నాదన్నాను. పోనీ నుయ్యే తలుసుకో అన్నాడు. తలుసుకుంటే ఏటున్నాది, మా అత్త కనిపించినాది, బొక్కెన సేత్తో పట్టుకొని."

ముక్కుతో మెల్లగా ఊపిరి వదిలాను, అంతవరకే నవ్వు. చిలకమ్మ నాకంటే పదేళ్ళు చిన్న. నిన్న నా తరువాత ఆమెకే చేశారు, ఆమెకిది మొదటి కన్ను. పెనిమిటి బాయిలరు షాపులో ఉన్నాడు, రిటైరు కావడానికి ఇంకా ఏడాది ఉంది. "ఇయాల ఆయనకి కూడెవులు ఒడ్డిస్తారో" అంది కాసేపటికి, తనలో తను అనుకుంటున్నట్టు. "కోడలు కూత యినదు అప్పా, రేడియో యింటాది. కూతేసినాక పొయ్యిల పుల్లెడతాది."

ఈమె కూడా లేస్తుంది. నాకులాగే చేతులు చాపుకుని లేస్తుంది. చెప్పాలి. చెల్లీ, కూసినప్పుడు జాగ్రత్త అంటే చాలు. కానీ ఎందుకప్పా అంటుంది, ఊరుకునే మనిషి కాదు. అప్పుడు కంచం ముందుకి రాని మనిషి గురించి చెప్పాలి, చెబుతుంటే గొంతు పోతుంది, గొంతు పోతే కన్ను పోతుంది. కాసేపాగి చెబుదాం. ముందు నా ఒళ్ళు నా మాట వినాలి. కాసేపాగి చెబుదాం అనుకునే చాలామందికి చాలా చెప్పకుండా పంపించేశాను నేను.

చెట్టు అయితే నయం. చెట్టు ఎక్కడికీ పోదు. సాలువా దారిలో సాలచెట్లు, ఎర్రమట్టి, అడుగు వేస్తే పాదం అచ్చుపడేంత మెత్తటి దుమ్ము. ఒక ఆదివారం ఆయన నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు, విస్తళ్ళకి ఆకులు కోసుకొద్దామని పేరు. వరసలో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి నవ్వారు, నేను ముసుగు లాక్కున్నాను. చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. బెరడు గరుకు రవికలోంచి తెలుస్తోంది. గాలి వచ్చినప్పుడల్లా పైనుంచి రెక్కలున్న గింజలు గిరగిరా తిరుగుతూ దిగుతున్నాయి, ఆయన టోపీ మీద, నా ఒళ్ళో, సైకిలు సీటు మీద, ఒక్కదానికీ తొందర లేదు. ఒకటి దిగేదాకా ఊపిరి వదలడం, ఇంకొకటి బయలుదేరేదాకా పీల్చుకోవడం. ఇక్కడే ఉందాం. ఆయన ఏమీ మాట్లాడడు, ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు, జేబులోంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చాడు. పప్పు పొట్లం కట్టిన తెలుగు అచ్చు కాగితం. అలాంటివి విప్పి, చదును చేసి, చాప కింద నేను దాచుకోవడం ఆయన చూశాడన్నమాట. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, అక్షరం రాదు. ఆ ఏడే బజారులో పాటల పుస్తకం ఒకటి కొనుక్కున్నాను, నోటికి వచ్చిన పాటలే. పాట తెలుసు, అక్షరం తెలియదు. మెల్లగా పాడుకుంటూ ఒక్కో గుర్తు మీద వేలు జరుపుకుంటూ పోతే, పాటలో 'రా' వచ్చిన చోటల్లా ఒకే బొమ్మ కనిపించింది. మర్నాడు 'మ' దొరికింది. అలా ఒక్కొక్కదాన్నీ, చేత్తో చేపని పట్టినట్టు, రెండేళ్ళు పట్టాను. ఆ తరువాత నన్ను ఆపినవాళ్ళు లేరు: పొట్లం కాగితాలు, పంచాంగాలు, హిజ్లీ కాలేజీలో పనిచేసే తెలుగువాళ్ళింటి నుంచి అరువు తెచ్చిన నవలలు. మనిషి గుమ్మం దాటితే ఎప్పుడొస్తాడో తెలియదు, పుస్తకంలో మనిషి పేజీ వెనక్కి తిప్పితే అక్కడే ఉంటాడు. ఈ కన్ను కూడా పోతే నా దగ్గర ఎవరూ మిగలరు.

చెట్టు పోయింది. చెట్టు ఉంది, ఆయన లేచాడు. పద, పొద్దు పోయింది అని సైకిలు తీశాడు. ఆరేళ్ళ కిందట, రెండు రోజుల జ్వరం. మూడో రోజు నీళ్ళడిగాడు, కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచుకుని వచ్చాను, అంతసేపే, వచ్చేసరికి గ్లాసు పట్టుకోవడానికి చెయ్యి లేదు. అంటే చెయ్యి ఉంది. చాలు, చాలు. కింది పెదవి కొరుక్కున్నాను. ఎంతయింది ఇప్పుడు? ఎండ మంచం మీదికి వచ్చింది, మోకాళ్ళ దగ్గర దుప్పటి వేడెక్కింది. పదకొండు దాటింది. మబ్బుని తలుచుకుందాం, మబ్బు కదిలిపోయింది. మా వంటింటి కప్పు మీద గుమ్మడి పాదుని తలుచుకుందాం, దాని తీగ పట్టుకుని నా రెండో కూతురు నడక నేర్చింది, అది నాలుగేళ్ళే ఉంది నా దగ్గర. దేన్ని పట్టుకున్నా దాని చివర ఎవరో చెయ్యి వదిలేస్తున్నారు. భుజాలు అప్పుడే బిగుసుకున్నాయి, మెడ నరాలు లాగుతున్నాయి, కూత ఇంకా పడలేదు, ఒళ్ళు ముందే లేవడానికి సిద్ధమవుతోంది, నలభై ఏళ్ళు నేర్పాను దీనికి, గంటలో ఎలా మాన్పిస్తాను? చిలకమ్మ గుర్రు పెడుతోంది. నిద్రపోయింది. చెప్పనేలేదు. లేపాలా? ఉలిక్కిపడి లేస్తేనో?

చెమటకి చెంప పక్కన మూట తడిసింది. తడిసి వాసన వేసింది, ఇసుక వాసన, ఉప్పు కలిసిన తడి ఇసుక. ముక్కుకి అంటుకున్నంత దగ్గరగా. అప్పుడు నేను తలుచుకోకుండానే కాళ్ళ కింద ఇసుక వచ్చింది. మా యేరు సముద్రంలో కలిసే చోటు. నాకు ఏడేళ్ళు, మా అన్న దేముడికి పది. పెద్దవాళ్ళు స్నానాల్లో ఉన్నారు. సముద్రం వైపు నేనెప్పుడూ మనసు పోనివ్వను, ఎందుకంటే తరువాత ఎప్పుడో దేముడు విశాఖపట్నంలో రంగూను ఓడ ఎక్కాడు, యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక ఉత్తరం రాలేదు. కానీ ఈ రోజు ఆ రోజు కాదు. ఈ రోజు ఓడ లేదు. వాడి మొలతాడుకి గవ్వ కట్టి ఉంది, ముక్కు కారుతోంది, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కెరటం వచ్చి మోకాళ్ళు తాకి వెనక్కి పోతోంది, పోతూ పోతూ మడమల కింద ఇసుకని తవ్వుకుపోతోంది, నేలే జారిపోతున్నట్టుంది, నేను కెవ్వుమని పరుగెత్తబోయాను. "పరిగెట్టకే! పరిగెడితే పడతావు. మడమలు దించు. లాగనీ దాన్ని." దించాను. కెరటం లాగింది. లాగినకొద్దీ నా పాదాలు లోపలికి దిగాయి, వేళ్ళు, మడమలు, చీలమండలు. అది తీసుకుపోయేదంతా తీసుకుపోయింది, నేను ఇంకా గట్టిగా నిలబడి ఉన్నాను. ఇసుక చల్లగా, బరువుగా, కాళ్ళ చుట్టూ బిగిసింది. నీళ్ళు వస్తున్నాయి. పోతున్నాయి. మంచం మీద నా మడమలు పరుపులోకి దిగుతున్నాయి.

కూత మొదలైంది.

కింది నుంచి లేచింది, కిటికీ రెక్కలు అదిరాయి, పొట్ట మీంచి నా చేతులు బయలుదేరాయి, అవును, బయలుదేరాయి, దుప్పటి కింద రెండు చేతులూ కుండ పట్టుకోవడానికి ముడుచుకున్నాయి. లాగనీ. మడమలు దించాను. చీలమండల దాకా, పిక్కల దాకా. మెడ లేవలేదు. అప్పుడు పక్క మంచం కిర్రుమంది.

"ఓలమ్మో, గంజి."

"లెగకు చిలకా." నా గొంతు నాకే కొత్తగా ఉంది, గట్టిగా లేదు, వణకలేదు. "తల దిండు మీదే ఉంచు. నా మాటిను. నీ కాళ్ళు తడి ఇసకలో ఉన్నాయి."

"ఏటి? ఆయనొచ్చేస్తాడు."

"సముద్రం ఒడ్డున నిలబడినావు. కెరటం ఎనక్కి లాగతన్నాది, లెగిస్తే పడిపోతావు. మడమలు దించు. ఇంకా దించు."

"ఒడ్డించాల అప్పా."

"కోడలు ఒడ్డిస్తాది. ఆలీసమైతే తిడతాడు, తిట్టనీ. సెయ్యి ఇలాగియ్యి."

నా కుడి చెయ్యి దుప్పట్లోంచి తీసి గాల్లోకి చాపాను, తల కదపకుండా, భుజం నుంచి వేళ్ళదాకా ఒక్కటే చాపాను. గాలి. ఇనుప బద్ద. మళ్ళీ గాలి. అప్పుడు ఒక పిడికిలి తగిలింది, కుండ మూత పట్టుకున్నట్టు బిగించిన పిడికిలి. దాన్ని విప్పి వేళ్ళలో వేళ్ళు పెట్టాను. కూత నడినెత్తి మీద ఉంది. "దిగినాయా కాళ్ళు?" అన్నాను. "దిగతన్నాయి" అంది చిలకమ్మ, చిన్నపిల్ల గొంతుతో. మంచం మళ్ళీ కిర్రుమనలేదు. కూత వంగింది, సన్నబడింది, మూలిగింది, ఆగింది. రోడ్డు మీద సైకిలు గంటలు మొదలయ్యాయి, ఒకటి, పది, వంద, ఇళ్ళకి పోతున్నవాళ్ళు.

"నాను లెగుస్తానని నీకెలాగ తెలిసినాది?" అంది సైకిళ్ళ చప్పుడు సన్నగిల్లాక.

"నాను లెగిసినాను గనక. ఆ కన్ను అలాగే పోయినాది. దగ్గని సెప్పినాను అందరికీ."

"మీ ఆయన అప్పటికి లేడు కదా?"

"పోయి నాలుగేళ్ళు."

నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు. ఆమె బొటనవేలు నా చేతి మీద ఒకసారి అటూ ఇటూ జరిగింది. "ఏటి కూర వొండేదానివి?" అంది.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "వంకాయ, ఎండు రొయ్యలు" అన్నాను. "కారం ఎక్కువుండాల ఆయనకి. ముక్కు కారతా తినేవోడు." చెప్పాక ఆగి చూసుకున్నాను. గొంతు ఉంది. కట్టు కింద పొడిగానే ఉంది.

"మా ఆయనా అంతే. ముక్కు తుడుసుకోడానికి నా కొంగే కావాల" అంది చిలకమ్మ, ఇంకేదో అనబోయింది, ఆ మాట మధ్యలోనే మళ్ళీ గుర్రు వచ్చింది. నిద్రలో కూడా పట్టు వదలలేదు. మంచాల మధ్య చాపిన నా చెయ్యి మోచేతి దగ్గర ఇనుప బద్ద మీద ఆని ఉంది, బద్ద ఒత్తుకుంటోంది. ముందు నొప్పి పుట్టింది, తరువాత తిమ్మిరి మొదలైంది, చీమలు భుజందాకా ఎక్కాయి. తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినిపించింది, దాని వెనక ఇంకో బరువైన చప్పుడు, డాక్టరుబాబుది కాబోలు, ట్రేలో ఏవో గాజువి ఒకదానికొకటి తగులుతున్నాయి.

"చెయ్యెందుకు బయట పెట్టినావు పెద్దమ్మా? లోపల పెట్టుకో, కట్టు విప్పాల" అంది ఆలిస్.

"విప్పండమ్మా" అన్నాను. "చెయ్యి మాత్రం ఉండనీ. చిలక తొంగున్నాది."

ఆలిస్ నా తల పక్కకి వచ్చింది. నా చెవి దగ్గర కత్తెర తెరుచుకున్న చప్పుడైంది. వేళ్ళల్లో ఏవి నావో ఏవి చిలకమ్మవో అప్పటికే తెలియడం లేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.